పత్రికా పరిశోధకుడు రాబర్ట్ పార్కు

యాభయ్యో యేట విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడుగా అడుగిడి, ఒక తరం పరిశోధక విద్యార్థులకు దారిచూపినవాడు రాబర్ట్ ఎజ్రా పార్కు.

1864లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో జన్మించిన పార్కు, మిషిగన్ విశ్వవిద్యాలయంలో జాన్ డ్యూయీ వద్ద తత్త్వశాస్త్రం అభ్యసించాడు. 1887లో పట్టభద్రుడై విలేకరి వృత్తి చేపట్టి, మినియాపోలిస్ మొదలు న్యూయార్కు, చికాగోల వరకు పదేండ్లకు పైగా వీధులు కొలిచాడు. వార్త అచ్చయినంత మాత్రాన సంఘం మారడం లేదు. ఐతే వార్తకు గల శక్తి యెట్టిది? ఈ ప్రశ్న ఆయనను వదలలేదు. డ్యూయీ ప్రభృతులతో కలిసి 1892లో తలపెట్టిన పత్రిక వెలువడనే లేదు.

సంసారి అయివుండి మరల విద్యార్థి అయ్యాడు. 1899లో హార్వర్డులో ఎం.ఏ. పట్టం పొంది, జర్మనీకి వెళ్లి బెర్లినులో జిమ్మెల్ ఉపన్యాసాలు విన్నాడు. ఉద్రేకంతో కదిలే గుంపుకూ, భిన్నాభిప్రాయాలతో చర్చించే ప్రజకూ గల భేదాన్ని విచారించిన ఆయన సిద్ధాంతవ్యాసం 1904లో అచ్చయింది. పిమ్మట కొన్నేండ్లు నల్లజాతి నాయకుడు బుకర్ వాషింగ్టన్ వద్ద పనిచేసి, 1914లో చికాగో విశ్వవిద్యాలయం చేరాడు.

అక్కడ ఆయన శిష్యులకు గ్రంథాలయం ఒక్కటే చాలేది కాదు. పేటలు తిరగాలి, మనుషుల జీవితకథలు వినాలి, చూచినదానిని చూచినట్లు వ్రాసుకోవాలి. విలేకరి తొందర గాని, సంస్కర్త ఆవేశం గాని పరిశోధకునికి పనికిరావని పార్కు నమ్మకం. తాను స్వయంగా దేశదిమ్మరి కూలీగా బ్రతికిన నెల్స్ ఆండర్సన్, అట్టివారిని గూర్చి 1923లో గ్రంథం ప్రకటించింది ఈ శిక్షణలోనే.

గురువు తన పద్ధతిని తానే పరీక్షకు పెట్టుకున్నది వలసవచ్చినవారి పత్రికల విషయంలో. మొదటి ప్రపంచయుద్ధకాలంలో అమెరికాలోని పరభాషా పత్రికలన్నీ దేశద్రోహానికి నెలవులన్న అనుమానం బలపడింది. పార్కు వాటిని తెప్పించి, చదివించి, యెవరు నడుపుతున్నారో, యెవరు చదువుతున్నారో విచారించాడు. రష్యా యేలుబడిలో తమ లిపిలో అచ్చుకు నోచుకోని లిథువేనియనులవంటివారు అమెరికాలో పాఠకులయ్యారు. క్రొత్తదేశపు తీరుతెన్నులు వారికి మాతృభాషా పత్రికలే తెలిపాయి. ప్రకటనల సొమ్ముతో ఆ పత్రికలను లోబరచుకున్న వైనాన్ని కూడా 1922 నాటి గ్రంథంలో ఆయన దాచలేదు. ఆ నిజాయితీయే గ్రంథానికి బలం.

వార్త కూడా ఒక విధమైన జ్ఞానమేనని నిరూపించే వ్యాసాన్ని పార్కు 1940లో, డెబ్బదియారో యేట వ్రాశాడు. పత్రికలలోని మానవాసక్తి కథలపై శిష్యురాలు హెలెన్ హ్యూస్ చేసిన పరిశోధన అదే యేడు ఆయన పీఠికతో గ్రంథంగా వచ్చింది. 1944లో నాష్‌విల్ నగరంలో ఆయన మరణించాడు.