ఫిరంగుల సేనాని రేమండ్

హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రాచీన ఆయుధాలకు ప్రత్యేక విభాగం ఉంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల నుంచి విజ్ఞానయాత్రకు వెళ్ళే విద్యార్థులను అక్కడి పాత తుపాకులు తప్పక ఆకర్షిస్తాయి. జామగీ తుపాకిని పేల్చాలంటే నిప్పంటించిన తాడును మందుకు తాకించాలి. వాన కురిస్తే తాడు ఆరిపోతుంది. తరువాత వచ్చిన చెకుముకి తుపాకిలో రాయి ఉక్కును ఒరసుకొని నిప్పురవ్వ పుడుతుంది. ఇటువంటి ఆయుధాలనూ, పాశ్చాత్య యుద్ధశిక్షణనూ నిజాం సైన్యంలో పెంపొందించిన వారిలో ముఖ్యుడు ఫ్రెంచి సేనాని రేమండ్.

రేమండ్ 1755లో దక్షిణ ఫ్రాన్సులోని సెరిన్యాక్ గ్రామంలో జన్మించాడు. 1775లో వ్యాపార నిమిత్తం పుదుచ్చేరి చేరుకొన్నాడు. కాని త్రాసు కన్న ఖడ్గమే ఆయనను ఆకర్షించింది. కొంతకాలం మైసూరు పక్షాన పోరాడి, 1783లో ఫ్రెంచి సేనాధిపతి బుస్సీకి సహాయకుడయ్యాడు. 1785లో బుస్సీ మరణించగా, మరుసటి సంవత్సరం నిజాం అలీఖాన్ కొలువులో చేరాడు.

గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు నిజాంకు కప్పం చెల్లిస్తున్న కాలమది. ఒకవైపు మరాఠాలు, మరొకవైపు మైసూరు, వేరొకవైపు ఆంగ్లేయులు. ఈ ముగ్గురి నడుమ నిజాంకు సుశిక్షిత సైన్యం అత్యవసరమైంది. మూడు వందల మందితో ప్రారంభమైన రేమండ్ దళం క్రమంగా పద్నాలుగు వేలకు పెరిగింది. ఆయుధాలకై పరులను యాచించవలసిన అవసరం ఉండరాదని ఆయన హైదరాబాదులో ఫిరంగుల కార్ఖానా నెలకొల్పాడు. ప్రజలు దానిని తోప్ కా సాంచా అన్నారు. తోప్ అనగా ఫిరంగి, సాంచా అనగా పోతమూస. నేటి గన్‌ఫౌండ్రీ ప్రాంతానికి ఆ పేరు దాని వల్లనే వచ్చింది.

1795లో ఖర్దా యుద్ధంలో నిజాం మరాఠాల చేతిలో ఓడినా రేమండ్ దళం ధైర్యంగా నిలిచింది. అదే సంవత్సరం రాకుమారుడు ఆలీజా తిరుగుబాటు చేయగా రేమండే దానిని అణచివేశాడు. ఆయన పలుకుబడి పెరిగినకొద్దీ ఆంగ్లేయుల అనుమానమూ పెరిగింది.

1798 మార్చి 25న రేమండ్ నలభై రెండేళ్ళ వయసులో మరణించాడు. ఆ మరణానికి కారణం గురించి పలు కథలు ప్రచారంలో ఉన్నాయి. సెప్టెంబరు 1న నిజాం ఆంగ్లేయులతో సైన్యసహకార సంధి చేసుకొన్నాడు. అక్టోబరు 22న, జీతాలు అందక తమ అధికారులపైనే తిరగబడిన సిపాయిలను ఆంగ్ల సేనలు చుట్టుముట్టాయి. పన్నెండేళ్ళు శ్రమించి నిర్మించిన సైన్యం ఒక్కనాడు, రక్తపాతం లేకుండానే ఆయుధాలు దించింది. నాయకుని బలమే తన బలంగా బతికిన సైన్యానికి, నాయకుడు పోగానే తుపాకులు అక్కరకు రాలేదు.

అయినా ప్రజలు ఆయనను మరువలేదు. హిందువులు మూసారామ్ అనీ, ముస్లిములు మూసా రహీమ్ అనీ తమవానిగా పిలుచుకొన్నారు. మలక్‌పేట సమీపాన అస్మాన్‌గఢ్ గుట్టపై ఆయన సమాధి, నగరంలో మూసారాంబాగ్ పేరు నేటికీ నిలిచి ఉన్నాయి. ఫిరంగులు మూగబోయినా, ప్రజల నాలుకపై ఆ పరదేశి పేరు మాత్రం మూగబోలేదు.