పనికిరాడని రాసిచ్చిన కాగితం

1829వ సంవత్సరం ఆరంభం. బెర్లిన్ నగరంలో ఎముకలు కొరికే చలి. ఇరవై మూడేళ్ల యువకుడొకడు సైన్యంలో చేరడానికి వచ్చానంటూ తనంతట తానే వైద్య పరీక్షకు నిలబడ్డాడు. డాక్టరు దేహదారుఢ్యం ఉందని రాస్తే వెంటనే తుపాకీ పట్టాలి. లేదని రాస్తే దేశం దాటి వెళ్లి సువార్త చెప్పుకోవచ్చు. తన ఆరోగ్యం చాలదని తేలాలనే ఆ యువకుడు ఆశపడుతున్నాడు. కానీ ఫలితం అతని చేతుల్లో లేదు. అతని పేరు జార్జి ముల్లర్.

ముల్లర్ అనగానే మన సంఘాల్లో అందరికీ గుర్తొచ్చేది బ్రిస్టల్ అనాథాశ్రమాలు. ఎవరినీ డబ్బు అడగకుండా, మోకాళ్ల మీదే వేలాది పిల్లల్ని పోషించిన ఆయన కథ ప్రసంగాల్లో వినీ వినీ మనకు కంఠతా వచ్చేసింది. ఈ సైనిక వైద్య పరీక్ష సంగతి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. అది అర్థం కావాలంటే అంతకు మూడేళ్ల ముందు ఇదే యువకుడు ఎలాంటివాడో తెలియాలి.

జార్జి ముల్లర్ 1805 సెప్టెంబరు 27న ప్రష్యా రాజ్యంలోని క్రోపెన్‌స్టెట్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి ప్రభుత్వ పన్నులు వసూలు చేసే ఉద్యోగి. ఇంట్లో ఉంచిన సర్కారు సొమ్మును పదేళ్లు నిండకుండానే దొంగిలించడం మరిగాడు. పద్నాలుగేళ్ల వయసులో, తల్లి చనిపోయిన రాత్రి, ఆ సంగతి తెలియక పేకాటలో మునిగి ఉన్నాడు. పదహారేళ్లకు ఓ సత్రంలో బస చేసి బిల్లు కట్టలేక జైలు పాలయ్యాడు. 24 రోజుల తర్వాత తండ్రి డబ్బు కట్టి విడిపించాడు. ఇంత జరిగినా, కొడుకు పాదిరి అయితే మంచి ఇల్లు, మంచి జీతం దొరుకుతాయని, తన ముసలితనంలో ఆ నీడన హాయిగా బతకొచ్చని తండ్రి ఆలోచన. అలా ముల్లర్ హాలే విశ్వవిద్యాలయంలో వేదాంత విద్యార్థిగా చేరాడు.

1825లో స్నేహితులతో కలిసి స్విట్జర్లాండ్ విహారయాత్రకు బయలుదేరాడు. ఆ రోజుల్లో ఎల్లలు దాటాలంటే పాస్‌పోర్టు ఉండాలి. తల్లిదండ్రులు రాసినట్టు దొంగ ఉత్తరాలు సృష్టించి పాస్‌పోర్టులు సంపాదించారు. పుస్తకాలు కుదువపెట్టి దారి ఖర్చులు సమకూర్చుకున్నారు. అందరి డబ్బుకూ ముల్లరే కోశాధికారి. లెక్కల్లో చెయ్యి తిప్పి, తోటివాళ్ల కంటే తన ఖర్చు మూడోవంతు తక్కువయ్యేలా చూసుకున్నాడు. యూదా చేతిలో ఉన్న డబ్బు సంచితో తన పనిని ఆయనే తర్వాత పోల్చుకున్నారు.

యాత్ర నుంచి తిరిగొచ్చిన కొద్ది నెలలకే, 1825 నవంబరులో ఒక శనివారం సాయంత్రం, ఓ స్నేహితుడి వెంట ఒక విశ్వాసి ఇంట జరిగే ప్రార్థన కూడికకు వెళ్లాడు. అక్కడ ఒక మనిషి మోకరించి ప్రార్థన చేయడం చూశాడు. వేదాంతం చదువుతున్న ఆ కుర్రాడు అలా మోకరించి ప్రార్థించేవాళ్లను అంతవరకు చూడలేదు. తానూ ఎన్నడూ అలా మోకాళ్లూనలేదు. ఆ రాత్రి ప్రభువు అతన్ని పట్టుకున్నాడు. మారుమనస్సు పొందిన ముల్లర్ మిషనరీగా వెళ్తానన్నాడు. తండ్రి మండిపడ్డాడు. అప్పటి నుంచి తండ్రి సొమ్ము తీసుకోవడం మానేసి, హాలేకు వచ్చిన అమెరికన్ పండితులకు జర్మన్ భాష నేర్పుతూ చదువు సాగించాడు.

ఆ పైన ఎదురుచూపులే. బుకారెస్ట్‌కు వెళ్దామంటే రష్యాకూ టర్కీకీ మధ్య యుద్ధం వచ్చి ఆ ద్వారం మూసుకుపోయింది. హెబ్రీ భాష మీద ముల్లర్‌కు ఉన్న మక్కువ తెలిసిన ప్రొఫెసర్ టోలుక్, యూదుల మధ్య సేవ చేసే లండన్ సంఘానికి సిఫారసు రాశారు. 1828 జూన్‌లో వాళ్లు సరేనన్నారు. ఆరు నెలలు లండన్‌లో ఉంచి చూసి తీసుకుంటామన్నారు.

తలుపు తెరుచుకుంది. గడప మీద సైన్యం నిలబడి ఉంది.

ప్రష్యాలో ఒంట్లో సత్తువున్న ప్రతి మగవాడూ మూడేళ్లు సైన్యంలో పనిచేయాలి. విశ్వవిద్యాలయంలో చదివినవాళ్లకు ఒక్క ఏడాది చాలు గానీ, ఆ ఏడాది ఖర్చంతా సొంతంగా భరించాలి. ముల్లర్‌ను ఇరవయ్యో ఏట పరీక్షించి, సేవకు తగినవాడని అప్పుడే తేల్చేశారు. ఇరవై మూడో ఏడు వచ్చేదాకా గడువు కోరుకున్నాడు. ఆ గడువు ఇప్పుడు ముంచుకొచ్చింది. సైనిక సేవ పూర్తయితే గానీ, రాజు మినహాయిస్తే గానీ పాస్‌పోర్టు రాదు. అంతకుముందు మిషనరీలకు అలాంటి మినహాయింపు ఇచ్చేవారు కాబట్టి ధీమాగానే ఉన్నాడు. రాష్ట్రాధికారికి అర్జీ పెట్టాడు. కుదరదన్నారు. బెర్లిన్‌లోని పలుకుబడి గల విశ్వాసులు రాజుకే రాశారు. చట్టం ప్రకారమే నడవాలని జవాబొచ్చింది.

మూడేళ్ల క్రితం దొంగ ఉత్తరంతో పాస్‌పోర్టు సంపాదించిన చేతులే ఇవి. అప్పుడు వినోదానికి, ఇప్పుడు దేవుని పనికి. దేవుని పని కోసమైతే చిన్న అబద్ధం ఫరవాలేదని సర్దిచెప్పుకునేవాళ్లు మనలో లేకపోలేదు. ముల్లర్ ఆ పాత దారి తొక్కలేదు. తలుపులన్నీ మూసుకుపోయాక ఊరుకుండిపోయాడు.

అదే ఏడు ఆగస్టులో జబ్బు చేసింది. మొదట మామూలు జలుబే అనుకున్నారు. తగ్గలేదు. ఓ అమెరికన్ మిత్రుడితో లైప్‌జిగ్ వెళ్లినప్పుడు అక్కడ ఒపేరా చూడ్డానికి పోయాడు. అక్కడే ఒళ్లు తూలిపోయింది. కడుపులో రక్తనాళం చిట్లింది. విశ్వాసి అయి ఉండి ఆ వేడుకకు వెళ్లినందుకు తర్వాత చాలా బాధపడ్డాడు. మిషనరీ కావాల్సిన మనిషి మంచం పట్టాడు. ఈ జబ్బులో ఏదో మేలుందని అప్పుడు ఎవరైనా చెబితే నమ్మేవాడా? నాకైతే అనుమానమే.

కాస్త కోలుకుని బెర్లిన్ చేరాడు. అక్కడ ఎదురుచూపుల కాలాన్ని వృథా చేయలేదు. పేదల ఆశ్రమంలో వాక్యం చెప్పాడు. ఆదివారాల్లో జైలుకు వెళ్లి ఖైదీలతో మాట్లాడాడు. ఖైదీల మనసు అతనికి కొత్త కాదు కదా.

బెర్లిన్‌లోనే ఒక మేజర్ ఓ ఉపాయం చెప్పాడు. మినహాయింపు అడగడం మానెయ్, నేరుగా వెళ్లి సైన్యంలో చేరతానను అన్నాడు. పరీక్షిస్తారు, ఒంట్లో ఇంకా నీరసం ఉంది కాబట్టి కాదనవచ్చు, అప్పుడు తుది నిర్ణయం పెద్ద జనరల్‌ది అవుతుంది, ఆయన దైవభక్తి గలవాడు, ఆలస్యం చేయడు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. తగినవాడని డాక్టరు చెబితే ఇక వెనక్కి పోవడం ఉండదు. ఆ క్షణమే సిపాయి.

ఆఫీసు సెలవు కోసం లేని జ్వరానికి మెడికల్ సర్టిఫికెట్ రాయించుకోవడం మనకు చిటికెలో పని. ముల్లర్ చేసింది అది కాదు. ఉన్న ఒంటిని ఉన్నట్టుగా తీసుకెళ్లి డాక్టరు ముందు నిలబెట్టాడు. డాక్టరు పరీక్షించి, సైనిక సేవకు పనికిరాడని రాశాడు. ఆ కాగితం పట్టుకుని జనరల్ దగ్గరికి వెళ్తే, ఆయన దయగా పలకరించాడు కానీ ఒక్క డాక్టరు మాటతో సరిపెట్టలేదు. రెండో సైనిక వైద్యుడి దగ్గరికి పంపాడు. ఆయనా అదే మాట రాశాడు. సహాయకులు అందుబాటులో లేకపోతే జనరలే స్వయంగా కలం పట్టుకుని ఉత్తర్వు రాసిచ్చాడు. అది ఒక ఏడాదికో మూడేళ్లకో వాయిదా కాదు. జీవితాంతం సైనిక సేవ నుంచి విడుదల. అంతటితో ఆగక, యూదులతో మాట్లాడేటప్పుడు రోమా పత్రిక 11వ అధ్యాయం మరచిపోవద్దని సలహా కూడా ఇచ్చాడు. ఆ పెద్దమనిషి ఆ రోజు ఒక పాస్‌పోర్టుకు దారి తెరిచాడు. ఆ కుర్రాడు రేపు ఏమవుతాడో ఆయనకేం తెలుసు?

ఫిబ్రవరి 3న ముల్లర్ బెర్లిన్ విడిచాడు. తండ్రిని చూసుకుని, మార్చి 19న లండన్‌లో అడుగుపెట్టాడు.

జబ్బే దీవెన అయిందని ఇక్కడ కథ ముగించడం తేలిక. కానీ జబ్బు అతన్ని వదల్లేదు. లండన్ చేరిన రెండు నెలలకే, రోజుకు పన్నెండు గంటలు హెబ్రీ చదువుతూ మళ్లీ మంచం పట్టాడు. ఇక బతకననే అనుకున్నాడు. గాలి మార్పు కోసం సముద్రపు ఒడ్డునున్న టిన్‌మత్‌కు పంపారు. అక్కడ హెన్రీ క్రేక్ పరిచయమయ్యాడు. ఏడాదికి 1,500 పౌండ్ల రాబడి వదులుకుని పర్షియా వైపు సువార్తకు బయలుదేరిన ఎక్సెటర్ దంతవైద్యుడు ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ త్యాగం గురించి లండన్‌లోనే విన్నాడు. ఆ ఉదాహరణ ముల్లర్‌ను కుదిపేసింది. ఏ సైన్యం నుంచి విడుదలై ఏ సంఘం కోసం వచ్చాడో ఆ సంఘంలో కూడా ఉండలేకపోయాడు. జీతం లేకుండానే పనిచేస్తాను, ప్రభువు నడిపించిన చోటికి వెళ్లనివ్వండని అడిగాడు. 1830 ఆరంభంలో వాళ్లు అది కుదరదన్నారు. స్నేహంగానే విడిపోయారు. జనరల్ మినహాయింపు ఇచ్చింది యూదుల సేవ కోసం, తీరా జరిగింది ఇది. మాట తప్పినట్టు కాదా అని అడిగేవాళ్లకు నా దగ్గర సిద్ధమైన జవాబు లేదు. యూదుల పట్ల భారం మాత్రం ఆయన వదులుకోలేదు.

ఆ తర్వాతది మీకు తెలిసిందే. టిన్‌మత్ సంఘ కాపరిగా ఏడాదికి 55 పౌండ్ల జీతంతో మొదలుపెట్టి, 1830లో గ్రోవ్స్ చెల్లెలు మేరీని పెళ్లాడిన కొద్ది రోజులకే ఆ జీతం కూడా వద్దన్నారు. 1832లో బ్రిస్టల్ చేరారు. 1836 ఏప్రిల్‌లో విల్సన్ వీధిలోని అద్దె ఇంట్లో అనాథ బాలికలకు ఆశ్రమం తెరిచారు. 1870 నాటికి యాష్లీ డౌన్ మీద అయిదు పెద్ద భవనాలు లేచాయి. ఒకేసారి 2,050 మంది పిల్లలకు చోటుండేది. మొత్తం మీద పదివేల మందికి పైగా అనాథలు ఆయన నీడన పెరిగారు.

గోదావరి జిల్లాల విశ్వాసులకు ఈ కుటుంబంతో దగ్గరి బంధమే ఉంది. ఆ బావగారు గ్రోవ్స్ 1836లో ఇంగ్లండు నుంచి వెంటబెట్టుకొచ్చిన బృందంలోనివారే విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు. నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేసింది వాళ్లే.

ముల్లర్ కూడా మన దేశం చూశారు. డెబ్బయ్యో ఏట మొదలుపెట్టి పదిహేడేళ్లపాటు 42 దేశాల్లో, ఓడల మీదా రైళ్లలోనూ 2 లక్షల మైళ్లు తిరిగి వాక్యం చెప్పారు. 1883లో భారతదేశానికి వచ్చేనాటికి 78 ఏళ్లు. రెండోసారి వచ్చినప్పుడు, 1890 జనవరిలో జబల్‌పూర్‌లో టెలిగ్రాం అందింది. బ్రిస్టల్‌లో ఉన్న ఒక్కగానొక్క కూతురు లిడియా కన్నుమూసిందని. ఆ పిల్లకు తమ్ముడు ఎలైజా పసివాడిగానే పోయాడు. 84 ఏళ్ల తండ్రి అంత్యక్రియలకు అందుకోలేడు. పరాయి ఊళ్లో ఆ వార్తను ఒడిలో పెట్టుకుని కూర్చోవడమే.

1898 మార్చి 9, బుధవారం సాయంత్రం ఆశ్రమంలో ప్రార్థన కూడిక ఎప్పటిలాగే ఆయనే నడిపించారు. మర్నాడు ఉదయం ఏడు గంటలకు టీ తీసుకుని గదిలోకి వెళ్లిన మనిషికి, మంచం పక్కన నేల మీద ఒరిగి ఉన్న ముల్లర్ కనిపించారు. అప్పటికే ప్రాణం పోయింది. సుమారు 15 లక్షల పౌండ్లు ఆయన చేతుల మీదుగా దేవుని పనికి వెళ్లాయి. సొంతానికి మిగిలింది 160 పౌండ్ల చిల్లర, అందులోనూ చాలావరకు పుస్తకాలు, ఇంటి సామాను. ఒంట్లో సత్తువ లేదని ప్రష్యా సైన్యం జీవితాంతం వద్దనుకున్న ఆ మనిషి వయసు అప్పటికి 92 ఏళ్లు.