వేగమును చిత్రించిన లార్తీగ్

గుజరాతున పాతకాలపు మోటారు బండ్లపై మక్కువ గలవారు పెక్కుమంది కలరు. అహమ్మదాబాదు చెంతనున్న కఠ్వాడాలో అట్టి బండ్లకు ప్రత్యేకముగ నొక ప్రదర్శనశాలయే కలదు. 2023 జనవరిలో వడోదర లక్ష్మీవిలాస భవన ప్రాంగణమున దేశమందలి మేలైన పాతబండ్లు బారులు తీరినవి. హజీరాలో నివసించు తెలుగువారికి ఇవి అందని దూరములు కావు. హైదరాబాదు చౌమహల్లా భవనములో 1912 నాటి పసుపువన్నె రోల్స్ రాయిస్ నేటికిని కన్నులపండువు చేయుచున్నది. అట్టి చోట్ల కెమేరా పట్టినవారి కందఱకును ఒకే చిక్కు. బండియందు మెఱుగు కలదు, ఠీవి కలదు. పరుగు మాత్రము లేదు. కదలక నిలిచిన పందెపు బండి గుంజకు కట్టిన పందెపు గుఱ్ఱము వంటిది. పరుగును పటములో బంధించుట యెట్లో నూరేండ్లకు పూర్వమే యొక ఫ్రెంచి యువకుడు చూపెను. చూపినట్లు తానే చాలకాలము గుర్తింపకుండెను. అతని పేరు జాక్ ఆన్రీ లార్తీగ్.

లార్తీగ్ 1894 జూన్ 13న పారిస్ నగర సమీపమునందలి కూర్బెవ్వాలో సంపన్నుల యింట జన్మించెను. దేహము అంత గట్టిది కాదు. చదువు చాలవఱకు ఇంటివద్దనే సాగెను. పసితనమున అతనికొక వింత భయముండెడిది. చూచిన సొగసులన్నియు చూచుచుండగనే జాఱిపోవుచున్నవని దిగులు. వానిని నిలుపుకొనుటకు అతడొక ఆట కనిపెట్టెను. కనులు మూసి తెఱచి, గిఱ్ఱున తిరిగి, ఎదుటి దృశ్యమును రంగులతోను, ధ్వనులతోను, వాసనలతోను సహా మనసున బంధించితినని నమ్మెడివాడు. కొన్నాళ్ళకు ఆ మంత్రము పాఱుట మానెను. బాలుడు బెంగపెట్టుకొని జబ్బుపడెను. తండ్రికి ఛాయాచిత్రములందు మిక్కిలి అభిరుచి. 1902లో ఆయన కుమారునికొక నిజమైన కెమేరా నిచ్చెను. అది కొయ్యతో చేసినది. మూడుకాళ్ళ స్టాండుపై నిలుపవలసినది. 13 సెంటీమీటర్ల వెడల్పు, 18 సెంటీమీటర్ల పొడవు గల గాజు పలకలపై పటము పడునది. దానిలోనికి తొంగిచూచుటకు ఆ యెనిమిదేండ్లవాడు స్టూలెక్కవలసి వచ్చెడిది.

ఇంటిలో కదలికకు కొదువ లేదు. అన్న మోరీస్‌ను అందఱును జిస్సూ అని ముద్దుగ పిలిచెడివారు. అతడు చక్రములు బిగించిన చెక్కబండ్లను, గాలిలో తేలు గ్లైడర్లను స్వయముగ తయారుచేసి, వానిపై నెక్కి పడిపోవుచుండెడివాడు. తమ్ముడు కెమేరాతో కాచుకొనియుండెడివాడు. మెట్లపైనుండి దుముకు బంధువుల పిల్లలు, తిరుగబడు చెక్కబండ్లు, నేల విడిచిన కాళ్ళు, ఇవియే అతని తొలినాటి పటములు. ఆ కాలపు ఛాయాచిత్రకారు లెందఱో కదలవద్దని మనుష్యులను బతిమాలుచుండగా, ఈ బాలుడు కదలినదానినే కోరెను.

హైదరాబాదులో ఆఱవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీనదయాళ్ పరమపదించినది 1905 జూలై 5వ తేది. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో సర్కారు కొలువు చేయుచు, ఛాయాచిత్రకళ నభ్యసించి పేరుగాంచిన మహనీయుడాయన. ఆయన పటములలో కోటలు, దర్బారులు, సైనికుల బారులు నిశ్చలముగ, గంభీరముగ నుండును. ఆ దినముననే ఫ్రాన్సుదేశమున ఓవెర్న్య్ కొండలలో గోర్డన్ బెన్నెట్ కప్పు మోటారు పందెము జరిగెను. తేదీ లట్లు కలియుట కాకతాళీయమే. సుమారు 137 కిలోమీటర్ల చుట్టును పందెగాండ్రు నాలుగు మారులు తిరుగవలసి యుండెను. లియోన్ తేరీ గెలుపొందెను. లార్తీగుల పల్లెటూరి భవనము ఆ ప్రాంతమందే యుండుటచే, పదునొకండేండ్ల జాక్ దుమ్ములో నిలిచి బండ్లను చిత్రించెను. అప్పటినుండి మోటారు పందెములన్నను, విమానములన్నను అతనికి పండుగయే.

అందఱెఱిగిన పటము ఫ్రెంచి గ్రాండ్ ప్రీ పందెమున తీసినది. అప్పటికి అతడు ఇరువదేండ్లు నిండని యువకుడు. దానిని తెలియవలెనన్న కెమేరా తీరు కొంత తెలియవలెను. పలకకు ముందు నల్లని గుడ్డతెర యుండును. తెరయందొక సన్నని చీలిక. మీట నొక్కగనే చీలిక పలకపై ఒక కొననుండి మఱియొక కొనకు జాఱును. అనగా పటమంతయు ఒక్కసారి పడదు. నేల భాగము ముందు పడును, ఆకాశము పిదప పడును. ఆ రెప్పపాటులో బండి ముందునకు సాగును. కావున చక్రము అడుగొకచోటను, తల మఱికొంత ముందునను పడి, గుండ్రని చక్రము కోడిగ్రుడ్డు వలె సాగి ముందునకు వాలును. లార్తీగ్ కెమేరాను బండివెంట త్రిప్పుచుండెను. కాని బండి అతని చేతికన్న వేగము గలది. అట్లు త్రిప్పుటవలన బాట ప్రక్క నిలిచిన జనమును, స్తంభములును వెనుకకు వాలినవి. హజీరా రహదారి ప్రక్క నిలిచి, పోవు లారీ వెంట తల త్రిప్పినవారికి ఇది సుబోధము. లారీ కంటిలో నిలిచినట్లుండును. వెనుకనున్న చెట్లు పరుగిడును.

నియమములనుబట్టి చూచిన ఇది చెడిన పటము. బండి ముందుభాగము పటము అంచున తెగిపోయినది. చక్రము వంకర, మనుష్యులు వంకర. లార్తీగ్ సయితము అట్లే తలంచి దానిని ఏండ్ల తరబడి పక్కన బెట్టెను. అయినను చూచువారికి ఆ బండి గాలిని చీల్చుకొని పోవుచున్నట్లే తోచును. యంత్రలోపము సత్యమునకు తోడ్పడిన యుదాహరణము ఇంతకన్న స్పష్టమైనది దొరకుట యరుదు. వ్యంగ్యచిత్రములలో బండి వేగమును చూపుటకు చక్రములను ముందునకు వాల్చి గీయు రీతి ఇట్టి పటములనుండియే వ్యాపించినదందురు. ఈ పటమునకు చిరకాలము 1912 జూన్ 26 నాటి ద్యెప్ పందెమనియు, డెలాజ్ కారనియు వివరణ అంటియుండెను. అది 1913లో ఆమియాఁ పందెమున పరుగెత్తిన ష్నైడర్ కారని తరువాతి పరిశోధన తేల్చినది. కాగితముపై ఒకమాఱు పడిన తేదీని మార్చుట ఎంత కష్టమో కచేరీ ఉద్యోగులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

తరువాతి కథ క్లుప్తము. 1915లో అతడు పారిస్‌లోని జూలియన్ చిత్రకళాశాలలో చేరి, కుంచెనే నమ్ముకొని చిత్రకారుడయ్యెను. 1919లో సంగీతకర్త ఆంద్రే మెసజే కుమార్తెను వివాహమాడెను. ఆ సంబంధము నిలువలేదు. పిదప మఱి రెండు వివాహములు. తండ్రినాటి కలిమి క్రమముగ తఱిగెను. ఛాయాచిత్రములను అతడు వృత్తిగ నెన్నడును తలపలేదు. అయినను దినచర్య వ్రాయుటయు, పటములను పెద్ద పెద్ద ఆల్బములలో అంటించుటయు మానలేదు. అవి నూటికి మించి పెరిగినవి. బయటివారు వానిని చూచుట తక్కువ.

1962లో లార్తీగ్ భార్య ఫ్లోరెత్‌తో అమెరికా పర్యటనకు వెళ్ళెను. వెంట కొన్ని పాత పటములు కూడ నుండెను. అవి న్యూయార్కు ఆధునిక కళాప్రదర్శనశాలలో ఛాయాచిత్ర విభాగమున కధిపతియైన జాన్ జార్కోవ్‌స్కీ కంటబడినవి. ఆయన విస్మయము చెంది, 1963లో వానితో ప్రత్యేక ప్రదర్శన మేర్పాటు చేసెను. ఆ యేడాది చివర లైఫ్ పత్రిక లార్తీగ్ పటములను ప్రకటించెను. కెనడీ హత్యావార్త గల సంచికయే అది. దానిని అమెరికాలో పెక్కుమంది కొనిరి. ఆ విధముగ ఒక దేశపు శోకము నడుమ ఒక ఫ్రెంచి బాలుని ఆటలు లక్షలాది జనుల చేతికందినవి. చిత్రకారునిగ పేరు పొందగోరిన యతడు, అఱువదితొమ్మిదేండ్ల వయసున, చిన్ననాటి ఛాయాచిత్రములవలన లోకప్రసిద్ధుడయ్యెను.

1970లో రిచర్డ్ అవెడాన్ కూర్చిన సంపుటము ఆ కీర్తిని స్థిరపఱచెను. 1974లో అధ్యక్షుడు జిస్కార్ దెస్తాంగ్ తన అధికారిక చిత్రమును తీయు పనిని లార్తీగుకే అప్పగించెను. 1979లో లార్తీగ్ తన ఆల్బములను, నెగటివులను, దినచర్యలను ఫ్రెంచి ప్రభుత్వమునకు దానమిచ్చెను. 1986 సెప్టెంబరు 12న నీస్ నగరమున, తొంబదిరెండేండ్ల వయసున కన్నుమూసెను. ప్రభుత్వ పరమైన ఆ రాశిలో, ఒకప్పుడు పనికిరాదని పక్కన బెట్టిన వంకర చక్రపు పటము కూడ కలదు.