ఆయుధాలు కూడబెట్టిన నవాబు

చెన్నూరు నుంచి హైదరాబాదు వెళ్లే మన కుటుంబాలు సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటలు కొట్టే గడియారం దగ్గరే నిలబడిపోతాయి. ఆయుధాల గది దాకా వెళ్లేవారు తక్కువ. ఒత్తితో మందు అంటించే తుపాకులు, చెకుముకి రాయి తుపాకులు, కత్తులు, బాకులు అక్కడే ఉన్నాయి. 1792లో టిప్పు నుంచి నిజాంకు, 1800లో ఆంగ్లేయులకు చేతులు మారిన మన కడప సీమకు ఇలాంటి ఆయుధాలు కొత్తవి కావు.

వీటిని కూడబెట్టిన నవాబ్ మీర్ యూసుఫ్ అలీఖాన్, మూడవ సాలార్‌జంగ్, 1889 జూన్ 13న పుట్టారు. నెల తిరగకముందే తండ్రి కన్నుమూశారు. 1912లో ఏడవ నిజాం ఆయనను దీవానుగా నియమించారు. 1914లో, పాతికేళ్ల వయసులో, పదవి వదిలేశారు. ఆపైన జీవితమంతా సేకరణకే. తాతగారు 1876లో రోములో కొన్న ముసుగు రెబెక్కా విగ్రహం అప్పటికే ఇంట్లో ఉంది. తుపాకులతోపాటు చేతివ్రాత ఖుర్ఆన్‌లనూ ఆయన అంతే శ్రద్ధగా దివాన్ దేవిడీలో భద్రపరిచారు. మాకు ఎక్కువ నచ్చింది ఇదే.

ఆయన నికాహ్ చేసుకోలేదు. 1949 మార్చి 2న మరణించేనాటికి సంతానం లేదు, బంధువులు మాత్రం చాలామంది. వాటాలు పంచి ఉంటే తుపాకి ఒకరికి, ఖుర్ఆన్ ఒకరికి పోయి, చివరికి అన్నీ బజారుకెక్కేవి. 1951 డిసెంబరు 16న నెహ్రూ మ్యూజియం ప్రారంభించినా ఆస్తి ఎవరిదో తేలలేదు. 1958లో వారసులు రాజీకి వచ్చి హక్కు వదులుకున్నారు. 1961లో పార్లమెంటు చట్టం చేసింది. 1968లో అన్నీ మూసీ ఒడ్డున కొత్త భవనానికి చేరాయి.

నవాబుగారి సమాధి దాయరా మీర్ మోమిన్‌లో ఉంది.