హుమాయూను – ఆపత్కాల మిత్రులు

సంపద గలవాని చుట్టును జనులు మూగుట లోకసహజము. వారిలో మిత్రు లెవరో, మిత్రులవలె నటించువా రెవరో ఆ సుఖదినములలో తెలియదు. ఆ భేదమును రాజ్యము పోగొట్టుకొని, పదునైదేండ్లు కష్టములు పడి తెలిసికొన్న ప్రభువు మొగలు చక్రవర్తి హుమాయూను.

హుమాయూను 1508వ సంవత్సరమున కాబూలు నగరమున జన్మించెను. తండ్రియగు బాబరు 1530లో మరణింపగా, ఇరువదిరెండేండ్ల ప్రాయమున సింహాసన మెక్కెను. తమ్ములు తప్పు చేసినను వారికి కీడు తలపెట్టవలదని బాబరు అవసానకాలమున ఉపదేశించెనని చరిత్రకారులు వ్రాసిరి. హుమాయూను ఆ మాటను శిరసావహించెను. కమ్రానునకు కాబూలు, కాందహారు సీమలను, అస్కరీకి సంభలును, హిందాలునకు ఆళ్వారు ప్రాంతమును ఇచ్చెను. కమ్రాను అంతటితో తృప్తి చెందక పంజాబును ఆక్రమింపగా, దానినికూడ అతనికే విడిచిపెట్టెను. ఒక్క తండ్రి బిడ్డలు తనకు ద్రోహము చేయరని అతడు నమ్మెను.

ఆ నమ్మకమునకు త్వరలోనే పరీక్ష వచ్చెను. 1538లో హుమాయూను వంగదేశమున నుండగా, ఆగ్రాలో హిందాలు తానే రాజునని ప్రకటించుకొనెను. 1539లో గంగాతీరమందలి చౌసావద్ద అఫ్గాను వీరుడగు షేర్ ఖాను మొగలు సైన్యమును చిత్తుగా ఓడించెను. హుమాయూను గుఱ్ఱముతో గంగలో దుమికి మునిగిపోవుచుండగా, నిజామను నొక బిస్తీ గాలి నింపిన తన తోలుతిత్తి నందించి అతనిని గట్టు చేర్చెను. ఈ మేలు మఱవక హుమాయూను ఆగ్రాలో ఆ పేదవానిని కొంతసేపు సింహాసనముపై కూర్చుండబెట్టి గౌరవించెను. ఇది కమ్రానునకు కంటగింపయ్యెను. ప్రాణము కాపాడినవాడు బిస్తీ. దానికి వంక పెట్టినవాడు తమ్ముడు!

షేర్ ఖాను షేర్షా యను బిరుదముతో మరల దండెత్తి వచ్చినపుడు, కమ్రాను అనారోగ్యమును చెప్పి, తన సైన్యములో నధికభాగముతో లాహోరునకు వెడలిపోయెను. 1540లో కనూజువద్ద హుమాయూను తిరిగి ఓడి రాజ్యభ్రష్టుడయ్యెను. సాయపడుదునని పిలిచిన మార్వాడ ప్రభువు మాల్దేవుడు షేర్షా బలమును చూచి వెనుదీసెను. ఎడారిలో నీరు దొరకక పరివారములో అనేకులు మరణించిరి. ఆ దుస్థితిలో ఉమర్కోట రాణా అతనికి ఆశ్రయ మిచ్చెను. అక్కడనే 1542లో అక్బరు జన్మించెను. బంధువు కాని ఆ రాణా చూపిన ఆదరము సోదరులు చూపలేదు.

మిత్రధర్మమునకు మేలైన తార్కాణము బైరాం ఖాను చరిత్రము. కనూజు యుద్ధానంతరమున అతడు షేర్షాకు చిక్కెను. షేర్షా అతని ప్రతిభను మెచ్చి, ఆదరించి, తన పక్షమునకు త్రిప్పుకొన చూచెను. ఓడినవానిని విడిచి గెలిచినవానిని సేవించినచో బైరామునకు గొప్ప పదవులు లభించియుండును. అతడు వానిని ఆశింపక, తన మిత్రుడగు అబుల్ కాసింతో కలిసి గుజరాతు వైపు పారిపోయెను. దారిలో షేర్షా మనుష్యులు అబుల్ కాసింను చూచి, అతడే బైరామని భ్రమించి పట్టుకొనిరి. నిజమైన బైరామును తానని బైరాం ఖాను ముందునకు వచ్చెను. కాని అబుల్ కాసిం, అతడు తన సేవకుడనియు, యజమానిని రక్షించుటకై అట్లు పలుకుచున్నాడనియు చెప్పి, తానే బైరామనిపించుకొని, మిత్రునికొఱకు ప్రాణము లర్పించెను. బైరాం ఖాను 1543లో సింధుదేశమున రాజ్యము లేని తన ప్రభువును కలిసికొనెను.

ఆ సంవత్సరాంతముననే అస్కరీ అన్నను బంధింప వచ్చెను. ఏడాది దాటిన బిడ్డడగు అక్బరును విడిచి, హుమాయూను కొద్దిమంది అనుచరులతో పారశీకమునకు పారిపోవలసివచ్చెను. అక్కడ బైరాం ఖాను రాయబారియై షా తహ్మాస్పు సాయమును సంపాదించెను. 1545లో కాందహారు, కాబూలు నగరములు హుమాయూను వశమయ్యెను.

ఇంత జరిగినను హుమాయూను కమ్రానును మన్నించి, కౌగిలించుకొని, జాగీరు నొసగెను. కమ్రాను మరల తిరుగబడెను. 1551లో అతడు రాత్రివేళ చేసిన దాడిలో అన్న పక్షమున పోరాడుచు హిందాలు మరణించెను. ఒకనాడు ద్రోహము తలపెట్టిన తమ్ముడు తుదకు ప్రాణమిచ్చి ఋణము తీర్చుకొనెను. కమ్రాను మాత్రము మారలేదు. 1553లో అతడు పట్టువడగా, ప్రభువుల ఒత్తిడికి లోబడి హుమాయూను దుఃఖముతో అతనిని అంధుని చేయించి, మక్కాకు పంపెను. అపాత్రునిపై నుంచిన విశ్వాసమునకు ఇంతటి క్రూరమైన ముగింపు కలిగెను.

1555లో సర్హిందువద్ద బైరాం ఖాను పరాక్రమముతో మొగలులు జయించిరి. హుమాయూను ఢిల్లీ ప్రవేశించెను. 1556 జనవరిలో గ్రంథాలయపు మెట్లనుండి జారిపడి అతడు మరణించెను. పదమూడేండ్ల అక్బరునకు సంరక్షకుడై నిలిచి రాజ్యమును కాపాడినవాడు ఆ బైరాం ఖానే.

బాలులారా! క్షమించుట వేఱు, విశ్వసించుట వేఱు. హుమాయూను ఈ రెంటిని ఒకటిగా భావించి నష్టపడెను. బంధుత్వమును బట్టియు, తీయని మాటలను బట్టియు మిత్రుని నిర్ణయింపరాదు. మనకు ఈయదగిన దేదియు లేనినాడు మనతో నడచినవాడే మిత్రుడు. అట్టివాడు లభించినచో అతడు బిస్తీ యైనను గౌరవింపవలెను.