దోనావూరు అమ్మ ఎమీ కార్మైకేల్

ఆడపిల్లలను గుళ్ళకు అప్పగించే దురాచారాన్ని ఎదిరించిన ఎమీ కార్మైకేల్ 1867లో ఐర్లండులో జన్మించారు. 1895లో భారతదేశం వచ్చి, నేటి తమిళనాడులోని తిరునల్వేలి ప్రాంతపు దోనావూరులో స్థిరపడ్డారు. 1901లో గుడి నుంచి పారిపోయి వచ్చిన ఏడేళ్ళ ప్రీనాను అక్కున చేర్చుకున్నారు. తర్వాత పసికందులూ రాసాగారు. వారి సేవ తక్కువ పని అని కొందరు వెనుదీయగా, పొన్నమ్మాళ్ అనే స్థానిక క్రైస్తవ స్త్రీ ముందుకు వచ్చి సాకింది. 1913 నాటికి ఆశ్రమంలో 130 మంది ఆడపిల్లలున్నారు. 1931లో కింద పడి మంచానికే పరిమితమైన ఎమీ 1951లో కన్నుమూశారు. సమాధి మీద రాయి లేదు. పక్షులు నీళ్ళు తాగే తొట్టి, దానిపై అమ్మ అన్న మాట మాత్రమే ఉన్నాయి.

తెలంగాణ పల్లెల్లోని జోగిని ఆచారాన్ని 1988 చట్టం నిషేధించింది. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098కు ఎవరైనా ఫోను చేయవచ్చు.