అడా లవ్‌లేస్ దొరసాని

ఆంగ్లకవులలో ప్రసిద్ధుడగు బైరను ప్రభువు కుమార్తెయగు అడా 1815వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన లండను నగరమునందు జన్మించెను. మరుసటి నెలలోనే తల్లి శిశువును దీసికొని పుట్టినిల్లు చేరెను; తండ్రి మరల బిడ్డ మొగము చూడలేదు. తండ్రి యుద్రేకము కుమార్తెకు అబ్బునేమో యని వెఱచి, తల్లి యామెకు బాల్యమునుండియు గణితము నేర్పించెను. 1829లో తట్టు సోకి, కాళ్లు పట్టుదప్పి, అడా చిరకాలము మంచముననే యుండెను. అయినను చదువు విడువలేదు.

1833లో ఆమె చార్లెసు బాబేజి యను గణితజ్ఞుని కలిసికొనెను. నాటి నావికులును ఖగోళజ్ఞులును మనుష్యులు గుణించిన పట్టికలనే నమ్ముకొని యుండిరి. ఒక్క యంకె తప్పిన ఓడయే దారితప్పును. 1840లో మన విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు నెలకొల్పిన నక్షత్రశాల వంటివానికి అట్టి పట్టికలు అత్యవసరములు. ఆ తప్పులను తొలగించుటకే బాబేజి యంత్రములను కల్పింప బూనెను.

అడాకు 1835లో వివాహమయ్యెను. 1838లో భర్తకు లవ్‌లేస్ ప్రభుపదవి లభించెను. ముగ్గురు బిడ్డల తల్లియై యుండియు, 1843లో ఆమె బాబేజి విశ్లేషణయంత్రమును గూర్చి మెనబ్రియా ఫ్రెంచిలో వ్రాసిన వ్యాసమును ఆంగ్లీకరించి, మూలముకంటె మిక్కిలి పెద్దదగు వ్యాఖ్యను జతపఱచెను.

జాకార్డు మగ్గమునకు రంధ్రముల యట్టలు నేతను దెలుపునట్లు, ఈ యంత్రమునకును అట్టలే యాజ్ఞలు. చేయవలసిన క్రియను దెలుపు నట్టలు వేఱు. ఏ సంఖ్యలపై చేయవలెనో తెలుపు నట్టలు వేఱు. కావున ఒకమారు కూర్చిన క్రియల వరుసను వేఱు సంఖ్యలకును మరల వాడవచ్చునని ఆమె విశదీకరించెను. బెర్నూలీ సంఖ్యలను గట్టు క్రమమును పట్టికగా వ్రాసి చూపెను.

నేడు కంప్యూటరునకు అసెంబ్లీ భాషలో ఆజ్ఞలు వ్రాయువారు మాక్రో యను సాధనమును వాడుదురు. పదేపదే వచ్చు ఆజ్ఞల వరుసకు ఒక పేరిడి, మారెడు తావులను ఖాళీగా నుంతురు. ఆ పేరును, ఖాళీలలో నింపవలసిన వానిని చెప్పిన చాలును. వరుసయంతయు దానంతట విస్తరించును. పాఠశాలవారు బదిలీపత్రమును ఒకేమారు అచ్చొత్తించి, పేరును తరగతిని మాత్రము నింపుట ఇట్టిదే. మాక్రోను కనిపెట్టినది అడా కాదు. కాని మాఱని దానిని మాఱుదానినుండి విడదీయుట యను మూలభావము ఆమె వ్యాఖ్యలో గన్పట్టుచున్నది.

ఆ యంత్రము పూర్తి కాలేదు. ఆమె వ్రాసిన క్రమము ఆమె కన్నులయెదుట ఒక్కమారైనను నడువలేదు. కడపటి యేండ్లలో గుఱ్ఱపు పందెములవలన ఋణముల పాలై, రాచపుండుచే మిగుల బాధపడి, 1852 నవంబరు 27న తన 36వ యేట మరణించెను. తండ్రియు ఆ ప్రాయముననే గతించెను. ఊహ తెలిసి యెన్నడును చూడని యా తండ్రి ప్రక్కనే, తన కోరిక ప్రకారము, సమాధి చేయబడెను. 1980లో అమెరికా రక్షణశాఖ యంగీకరించిన కంప్యూటరు భాషకు అడా యనియే పేరు. దాని ప్రమాణసంఖ్య 1815, ఆమె పుట్టిన సంవత్సరము.

విద్యార్థులారా! నాటిన చేయి ఫలమును జూడకపోవచ్చును. అయినను స్పష్టముగ వ్రాసియుంచిన విద్య యొకనాటికి అక్కఱకు వచ్చి తీరును.